కొలతలు లేకపోతే మోడల్ కాదా?
ఇంట్లోని పాత సామాన్లతో కట్టే అంతరిక్ష నౌకలు ఉత్త బొమ్మలే, కొలతల ప్రకారం చేస్తేనే మోడల్ అవుతుందన్న మాట నాకు మింగుడుపడలేదు. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. 2023 జులైలో చంద్రయాన్-3 ప్రయోగాన్ని టీవీలో చూసిన మరుక్షణం మా వాడు షాంపూ సీసా ముందేసుకుని కూర్చున్నాడు. చంద్రయాన్‌ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్ ఎత్తు 43.5 మీటర్లు. వందో వంతుకు తగ్గించినా 43.5 సెంటీమీటర్లు, మా ఇంట్లో స్కేలేమో 30 దగ్గరే ఆగిపోతుంది! కొలతలు వదిలేశాం. రెండు పక్కలా బూస్టర్లకు, అంటే పైకి లేవడానికి అదనపు తోపునిచ్చే రాకెట్లకు, అగరబత్తి గొట్టాలు, కిటికీలకు చొక్కా గుండీలు, అడుగున మంట బయటికొచ్చే నాజిల్‌కు పాత కుక్కర్ విజిల్. అసలు తంటా అతికించడంలోనే వచ్చింది. షాంపూ సీసాకు ఫెవికాల్ పట్టదు, ఆరాక పొరలా ఊడొచ్చేస్తుంది. గరుకు కాగితంతో రుద్దినా లాభం లేకపోయింది. చివరికి పూలు కట్టే దారంతో గొట్టాలను సీసాకు బిగించి కట్టాం, అది మాత్రం ఇప్పటికీ కదల్లేదు. నిజం రాకెట్‌లో బూస్టర్లు పని అయ్యాక విడిపోవాలి కదా అని వాడు అడిగాడు. దారానికి ముడి బదులు జారుముడి వేసిచ్చాను. కొలతల ప్రకారం అమర్చే మోడల్ కిట్ కొనిస్తే ఆ ప్రశ్న వచ్చేదా అని నా అనుమానం. విజిల్ సంగతి మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.