పాలమూరు రాత్రులు చల్లారడం లేదు

ఏటా ఏప్రిల్ రాగానే ఒకటే వార్త. నల్లగొండలో 43, మహబూబ్‌నగర్‌లో 42, ఫలానా మండలంలో 45 దాటింది, ఆరెంజ్ అలర్ట్, పన్నెండు నుంచి నాలుగు దాకా బయటికి రావద్దు. పక్కన తలకు తువ్వాలు చుట్టుకుని బండి మీద పోతున్న మనిషి ఫోటో. కనిష్ఠ ఉష్ణోగ్రత ఎంతో వెతికితే పట్టికలో ఓ మూలన దొరుకుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు. దక్షిణ తెలంగాణలో మనుషుల ప్రాణం మీదికి వస్తున్న మార్పు ఆ మూలన ఉన్న అంకెలోనే ఉందని నేను అంటున్నాను.

దేశం లెక్కే చూడండి. వాతావరణ శాఖ దగ్గర 1901 నుంచి రికార్డులున్నాయి. వాటన్నిటిలో అత్యంత వేడి సంవత్సరం 2024 అని అందరం చదివాం. దాన్ని పగలు, రాత్రిగా విడగొట్టి చూసినవాళ్లు తక్కువ. ఆ ఏడాది గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు సాధారణం కంటే 0.20 డిగ్రీలే ఎక్కువ. కనిష్ఠాల సగటు మాత్రం ఏకంగా 0.90 డిగ్రీలు ఎక్కువ. 1901 తర్వాత రాత్రులు ఇంత వేడిగా ఎప్పుడూ లేవు. అంటే ఆ రికార్డుకు కారణం మనం తిట్టుకునే ఎండ కంటే మనం పట్టించుకోని రాత్రే. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ఇచ్చిన అంచనా కూడా ఇటే చూపిస్తోంది. కాలుష్యం ఇలాగే సాగితే శతాబ్దం చివరికి దేశంలో వేడి పగళ్లు 55 శాతం, వేడి రాత్రులు 70 శాతం పెరుగుతాయన్నది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పగలంతా భూమి తాగిన వేడి రాత్రి ఆకాశంలోకి పోవాలి. గాలిలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్, తేమ దాన్ని పోనివ్వడం లేదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దవాళ్లు ఊరికే అన్నారా, ఈ ఎండలు కొత్తవా అని కొందరు అడుగుతారు. లెక్కలు తెలిసినవాళ్లు ఇంకో మాట తెస్తారు. 1986 నుంచి 2015 దాకా ఏడాదిలో అత్యంత వేడి పగలు 0.63 డిగ్రీలు పెరిగితే, అత్యంత చల్లని రాత్రి 0.4 డిగ్రీలే పెరిగింది కదా, పగలే ఎక్కువ మారింది కదా అంటారు. ఆ అంకెలు నిజమే. కానీ ఏడాదిలో అత్యంత చల్లని రాత్రి వచ్చేది చలికాలంలో. మే నెలలో దేవరకొండలో మంచం మీద దొర్లుతున్న మనిషి సంగతి అది చెప్పదు.

ఆ మనిషి దగ్గరికే పోదాం. కనిష్ఠం నమోదయ్యేది తెల్లవారుజామున. అప్పటికి 30 డిగ్రీలు ఉందంటే రాత్రి పది, పదకొండుకు ఎంత ఉండి ఉంటుందో ఊహించండి. అదీ గాలాడే తెల్లటి పెట్టెలో, నీడలో పెట్టిన థర్మామీటరు చెప్పే లెక్క. సిమెంటు రేకుల కింద ఒంటి గదిలో లెక్క వేరు. పది గంటలకు గోడ మీద చెయ్యి ఆనిస్తే చురుక్కుమంటుంది. ఫ్యాను వేస్తే పైకప్పు కింద పోగైన వేడి గాలే మొహానికి కొడుతుంది. ట్యాంకు నల్లా తిప్పితే వేడినీళ్లు. పొయ్యి ఆర్పినా పెనం చల్లారనట్టు స్లాబు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. మగవాళ్లు మంచం వాకిట్లో వేసుకుంటారు. ఆడపిల్లలు, బాలింతలు, లేవలేని ముసలివాళ్లు ఆ గదిలోనే ఉండిపోతారు. పగలు ఎండలో అలసిన గుండె కోలుకోవాల్సింది రాత్రి నిద్రలోనే. రాత్రి కూడా ఒళ్లు చల్లబడకపోతే గుండె ఆగకుండా అదే బరువు మోస్తుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో చేతులెత్తేస్తుంది.

ఉపాధి హామీకి పోయే ఆడవాళ్లకు ఎండ ముదరకముందే పని ముగించుకోమని చెబుతారు. మంచి సలహాయే. ఆరింటికి పలుగు పట్టాలంటే నాలుగింటికి లేచి వండాలి. ఒంటిగంటకు గానీ కన్ను అంటుకోని ఇంట్లో నాలుగింటికి లేవడమంటే మూడు గంటల నిద్ర. పగటి ఎండ నుంచి కాపాడే సలహాతో రాత్రి నిద్రను కోస్తున్నామని ఆ సలహా రాసినవాళ్లెవరూ లెక్క వేయలేదు.

మన వ్యవస్థకు రాత్రి కనిపించకపోవడం వల్ల జరిగే అన్యాయం చావు లెక్కల్లో ఇంకా స్పష్టం. 2015 వడగాలుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. తెలంగాణలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో నల్లగొండ ఒకటి. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బను విపత్తుగా గుర్తించి, పరిహారాన్ని యాభై వేల నుంచి నాలుగు లక్షలకు పెంచింది. ఆ నిర్ణయాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే చేను గట్టున పడిపోయినవాడి చావు వడదెబ్బ అవుతుంది. నాలుగు రాత్రులు ఉడికి తెల్లవారుజామున మంచం మీదే పోయిన ముసలమ్మది గుండెపోటు అవుతుంది. ఆ ఇంటికి నాలుగు లక్షలూ రావు, లెక్కలో పేరూ రాదు. వాతావరణ శాఖ కూడా పగలు 40 డిగ్రీలు తాకితేనే రాత్రి వేడిని హెచ్చరికకు లెక్కలోకి తీసుకుంటుంది. మబ్బు పట్టి పగలు 39 దగ్గర ఆగి, రాత్రంతా ఉడికించిన రోజు ఎవరి ఖాతాలోనూ పడదు.

ఇక్కడికి వచ్చాక ఇళ్ల గురించి మాట్లాడకుండా ఉండలేను. పాలమూరులో మట్టి మిద్దెలు, నల్లగొండలో గూన పెంకుల ఇళ్లు పోయి రేకులు, స్లాబులు వచ్చాయి. మిద్దె వానకు కురుస్తుంది, ఒక్కోసారి కూలి ప్రాణాలు తీస్తుంది. దానికి తిరిగి పొమ్మని నేను అనను. కానీ స్లాబు పడితే చాలు, పేదవాడికి పక్కా ఇల్లు ఇచ్చేశామనుకునే పద్ధతి మీదే నా కోపం. ఇందిరమ్మ ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు, ఐదు లక్షలు, స్లాబు తప్పనిసరి. లోపల మనిషి నిద్రపోగలడా అని అడిగే గడి ఏ ఫారంలోనూ కనిపించదు.

2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చిన రాష్ట్రం మనది. పైకప్పుకు తెల్లపూతో, తెల్ల టైల్సో వేసి ఎండను వెనక్కి కొట్టించే ఆలోచన, తక్కువ ఖర్చులో అయ్యే పని. అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు లక్ష్యంగా పెట్టుకుని, అందులో 200 హైదరాబాద్‌కే రాశారు. మిగతా రాష్ట్రమంతటికీ 100. ఏసీలున్న చోటికి రెండు వంతులు, రేకుల కింద పడుకునే జిల్లాలకు మిగిలింది. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా, ఎక్కడ అపార్ట్‌మెంట్ లేచినా పాలమూరు లేబర్ చెయ్యి ఉంటుందని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ మేస్త్రీ, ఆ కూలీ పని దగ్గర పడుకునేది రేకుల షెడ్డులో. పండక్కి ఊరొస్తే పడుకునేదీ రేకుల కిందే.

తెలంగాణలో మండలాల్లో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. రాత్రి ఉష్ణోగ్రతలను అవి ఇప్పటికే నమోదు చేస్తున్నాయి, కొత్త యంత్రాలు కొననక్కర్లేదు. కలెక్టర్లు రోజూ ఇచ్చే ఎండ ప్రకటనలో కనిష్ఠాన్ని గరిష్ఠం పక్కనే, అదే సైజులో ఇవ్వాలి. వరుసగా మూడు రాత్రులు వేడి దిగకపోతే పగలు ఎంతున్నా సరే అలర్ట్ ఇవ్వాలి, ఉపాధి పని గంటలు, కొలతలు తగ్గించాలి, రాత్రి కరెంటు కోత పెట్టకూడదు. ఇందిరమ్మ ఇళ్లకు దశలవారీగా ఫోటో తీసి బిల్లు ఇస్తున్నారు కదా, చివరి ఫోటోలో పైకప్పు తెల్లగా కనిపించాలి. ఆ పూత డబ్బు ఐదు లక్షల్లోంచి కోయకుండా విడిగా ఇవ్వాలి. దీన్ని హైదరాబాద్ నుంచి కాదు, నల్లగొండ, నాగర్‌కర్నూల్, నారాయణపేట, గద్వాల నుంచి మొదలుపెట్టాలి, వచ్చే మార్చిలోపు.