బంగారు రుణాలు: భద్రమనుకున్న చోటే బలహీనత

ఆర్థిక సంస్థలకు వచ్చే ఏడాది ముప్పు ఎటునుంచి అని అడిగితే సైబర్ మోసాలు, కృత్రిమ మేధ అన్న జవాబే అన్నిచోట్లా వినిపిస్తోంది. అందులో అబద్ధం లేదు. కానీ మోసపు సొమ్ము తిరిగే అద్దె ఖాతాలను పసిగట్టడానికి రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ తయారుచేసిన మ్యూల్‌హంటర్ లాంటి సాధనాలైనా వచ్చాయి. తిరుపతి, చిత్తూరు జిల్లాల శాఖల్లో తాకట్టుకొచ్చిన బంగారు పొట్లం సంగతి తేల్చేది మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ గీటురాయీ, ఒక మనిషి కన్నూ. మేనేజర్లు అన్నిటికంటే నిశ్చింతగా ఇచ్చేది ఈ నగల తాకట్టు అప్పే. ముందుగా అనుమానించాల్సిందీ దీన్నే.

దేశంలో బ్యాంకులు నగల మీద ఇచ్చిన అప్పులు 2025 మార్చికి 2 లక్షల కోట్ల రూపాయలు దాటాయి. అంతకు ఏడాది ముందు అందులో దాదాపు సగమే. వేరే పద్దుల్లోని రుణాలను ఇందులోకి మార్చి చూపడం కొంత కారణమైతే, ఎగబాకిన ధర ఇంకో కారణం. నగ అదే, గ్రాములు అవే. రేటు పెరిగిందని అదే నగ మీద ఇంకొంత ఇచ్చారు. రేటు పడితే అప్పు దానంతట అది తగ్గదు కదా. 2013 ఏప్రిల్ 15న అంతర్జాతీయ మార్కెట్లో బంగారం ఒక్కరోజులో 9 శాతం దాకా పడింది. 2025 అక్టోబరు 21న 5 శాతానికి పైగా.

రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాలకు అమలు గడువు 2026 ఏప్రిల్ 1. సొంత అవసరాల కోసం తీసుకునే అప్పు 2.5 లక్షల లోపైతే నగ విలువలో 85 శాతం, 5 లక్షల లోపైతే 80, ఆపైన 75 శాతం వరకు ఇవ్వొచ్చు. ఏడాది చివర అసలూ వడ్డీ కలిపి ఒకేసారి కట్టే అప్పైతే ఆ పరిమితి చివర్లో కట్టాల్సిన మొత్తానికి వర్తిస్తుంది. శాఖల్లో లెక్క తప్పేది ఇక్కడే. నగ విలువ 2,80,000 అనుకుందాం. 85 శాతం అంటే 2,38,000. వడ్డీ 9 శాతమైతే చేతికి ఇవ్వదగింది సుమారు 2,18,000 మాత్రమే. కౌంటర్‌లో 2,38,000 ఇచ్చేస్తే మొదటిరోజే నిబంధన తప్పినట్టు.

నిబంధన పాటించినా ఊపిరాడేది 15 శాతం పతనం వరకే. ధర 20 శాతం పడితే నగ విలువ 2,24,000కు దిగుతుంది, బాకీ మాత్రం 2,38,000. వేలంలో కనీస ధర అప్పటి విలువలో 90 శాతం ఉండాలి, అంటే 2,01,600. పాట అక్కడే ఆగితే 36,400 నష్టం, ఖర్చులు అదనం.

ఇక పంట పేరుతో ఇచ్చే బంగారు రుణం. పైన చెప్పిన శాతాలు సొంత వాడకపు అప్పులకే. సాగుకు, వ్యాపారానికి అని రాస్తే పరిమితిని సంస్థే తన విధానంలో పెట్టుకోవాలి. వడ్డీ తక్కువ కాబట్టి పట్టాదారు పాస్‌బుక్ జతచేసి కూతురి పెళ్లి ఖర్చునూ వేరుశనగ ఖాతాలో రాసే అలవాటు కొత్తదేమీ కాదు. నిజంగా సాగుకే తీసుకున్నా చిత్తూరు ప్రాంతంలో చిక్కు వేరు. 2025 సీజన్‌లో తోతాపురి మామిడి ధర కుప్పకూలితే కిలోకు గుజ్జు ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి 12 రూపాయలుగా ఖరారు చేశారు. ఆ 8 చేతికి రాలేదని రైతులు రోడ్డెక్కారు. గుజ్జు అమ్ముడుపోకపోతే ఫ్యాక్టరీ ఖాతా బిగుసుకుంటుంది, కాయ డబ్బు ఆలస్యమవుతుంది, రైతు నగ విడిపించుకోలేడు. మామిడి మార్కెట్లున్న బంగారుపాళ్యం, దామలచెరువు చుట్టుపక్కల శాఖలకు ఈ రెండు ఖాతాలూ ఒకే జూలైలో మొండికేస్తాయి. రిజిస్టర్లలో మాత్రం అవి వేర్వేరు పేజీలు!

అన్నిటికంటే పెద్ద చిల్లు నగ స్వచ్ఛత, విలువ తేల్చే అప్రైజర్ బల్ల దగ్గరుంది. చాలాచోట్ల అతను ఉద్యోగి కాదు. ఊళ్లో ఆచారి, పొట్లానికింత అని కమీషన్. నగ వద్దని తిప్పి పంపితే అతనికి పైసా రాదు. మందంగా పూత పూసిన వెండి కడియాన్ని రాయి మీద గీస్తే కనిపించేది పై పొరే. స్వచ్ఛత చూపే క్యారెట్ మీటరు యంత్రం చదివేదీ పై పొరనే. దారంతో వేలాడదీసి నీళ్లలో తూచడం చౌకైన పరీక్ష. 40 గ్రాముల గట్టి 22 క్యారెట్ల కడియం నీళ్లలో 37.7 గ్రాముల దగ్గర తూగాలి. 37 చూపితే లోపల వేరే లోహం ఉన్నట్టే. టంగ్‌స్టన్ మాత్రం దీనికి సులువుగా దొరకదు, సాంద్రత దాదాపు మేలిమి బంగారమంతే. అక్కడ ఖాతాదారు ఒప్పుకుంటే లోతుగా ఆకురాయి పెట్టి చూడాల్సిందే. రాళ్ల నగలకు, బోలు గుండ్లకు ఈ పరీక్ష పనికిరాదు.

నికర బరువు దగ్గర ఇంకో తేడా. నల్లపూసలు, గుండ్లలో లక్క, కెంపులు ఎంతని తీసేశారో కాగితం మీద ఉండాలి. కొత్త ఆదేశాల ప్రకారం పరీక్ష అప్పు తీసుకునేవాళ్ల ఎదుటే జరగాలి, స్థూల బరువు, నికర బరువు, తరుగు, స్వచ్ఛత రాసిన పత్రం వాళ్లకూ ఇవ్వాలి. హాల్‌మార్క్ ఉంటే నగ మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడటానికి నిమిషం చాలు. గాజు తెచ్చినప్పుడు యాప్ ఉంగరం అని చూపిస్తే ఆ ముద్ర ఎక్కడిదో అడగాలి. ఆరునెలలకోసారి పదో వంతు పొట్లాలను వేరే ఊరి అప్రైజర్‌తో, ముందు చెప్పకుండా విప్పించడం మా సూచన. అదే మనిషితో మళ్లీ చూపిస్తే అదే జవాబు వస్తుంది.

బాకీ తీరాక నగ ఏడు పని దినాల్లో చేతికి అందాలి, సంస్థ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. చిన్న శాఖల పొట్లాలను పెద్ద శాఖ లాకర్లకు చేరవేసే సంస్థలు ఇప్పుడే లెక్క కట్టుకోవాలి: ఏ పొట్లం ఏ ఊళ్లో ఉంది, రెండో తాళంచెవి ఉన్న అధికారి సెలవు పెడితే ఆ రోజు దాన్ని తెరిచేది ఎవరు?