నెట్ జీరో సాధించిన నాలుగో ఫ్యాను

భూగోళం వేడెక్కుతోందన్న సంగతి పెద్దవాళ్లందరికీ అర్థమైపోయింది. ఇక మిగిలింది దాన్ని చల్లబరిచే పని పిల్లలకి అప్పజెప్పడమే. ఈ విషయంలో మన ప్రైవేటు స్కూళ్లు చూపిస్తున్న చొరవని ఎంత మెచ్చుకున్నా తక్కువే. సింగరేణిలో బొగ్గు తవ్వేవాళ్లు తవ్వుతూనే ఉంటారు, రామగుండంలో, పాల్వంచలో పొగగొట్టాల పని పొగగొట్టాలది. ఆరో తరగతి బి సెక్షన్లో లంచ్ బెల్ కొట్టగానే స్విచ్ మానిటర్ లేచి ఫ్యాన్లు ఆపాడా లేదా? దేశం తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇప్పుడిదే.

స్విచ్ మానిటర్‌ని చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. వయసు పదకొండు. చొక్కా జేబుకి ఆకుపచ్చ బ్యాడ్జి. స్విచ్ బోర్డు చేతికందదు కాబట్టి ఒక చెక్క స్కేలు. మూడో స్విచ్ నొక్కితే చుర్రుమంటుంది, దాన్ని మాత్రం వేలితో ముట్టుకోకూడదన్నది పై క్లాసుకి వెళ్లిపోయే మానిటరు కొత్త మానిటరుకి చెవిలో చెప్పి వెళ్లే విద్య. నాలుగో స్విచ్‌తో ఏ పేచీ లేదు, వేసినా తీసినా ఒకటే. ఆ ఫ్యాను కండెన్సర్ పోయి ఏళ్లయింది. మన దేశం 2070 నాటికి నెట్ జీరో, అంటే గాల్లోకి వదిలినంత కర్బనాన్నీ తిరిగి పీల్చేసుకునే స్థితి, సాధిస్తుందని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధాని ప్రకటించారు. ఈ నాలుగో ఫ్యాను ఏ సదస్సుకీ వెళ్లకుండా, ఏ ప్రకటనా చేయకుండా, ఆ లక్ష్యాన్ని ఎప్పుడో దాటేసింది. దాని కింద ఏప్రిల్ నెలంతా చెమటలు కక్కే చివరి బెంచీ వాళ్లకి పర్యావరణ యోధులుగా గుర్తింపు ఇవ్వాలని ఈ వ్యాసం ద్వారా యాజమాన్యానికి మనవి చేస్తున్నాను.

పట్టపగలు పదకొండింటికి క్లాసులో ట్యూబులైట్లు ఎందుకు వెలుగుతున్నాయని అడిగే చాదస్తులు కొందరుంటారు. కింద బైకుల షోరూమ్, పైన ఫంక్షన్ హాలు, మధ్యలో మూడంతస్తుల్లో చదువు. కిటికీ తీస్తే పక్క బిల్డింగు వాళ్ల గోడ. అటువైపు తీస్తే మెయిన్ రోడ్డు, హారన్లు, దుమ్ము. సూర్యుడు ఈ సందులోకి రావాలంటే ఆయనకే దారి తెలియదు. కాబట్టి వెలుతురు లోపమంతా సూర్యుడిదే, బిల్డింగు ప్లానుది కాదు.

పర్యావరణ దినోత్సవం సంగతికొద్దాం. ఇది జూన్ 5న వస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. అంటే పిల్లలతో భూమిని కాపాడించే అతి ముఖ్యమైన రోజున పిల్లలు అమ్మమ్మ ఊళ్లో మామిడికాయలు తింటూ ఉంటారు. దీనివల్ల ఆ రోజు స్కూలు కరెంటు వాడకం ఎలాగూ సున్నా. నిజంగా పర్యావరణానికి ఇంతకు మించిన సేవ లేదు. కానీ ఫోటో ఏది? అందుకని ముందురోజు రాత్రి వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది: ఊళ్లో ఉన్న పిల్లలు యూనిఫారంలో రావాలి, బస్సు ఉండదు, పేరెంట్సే దింపాలి. పాతిక మంది పిల్లలు పాతిక బండ్ల మీద వచ్చి, ఒక్క మొక్క చుట్టూ నిలబడి, దాన్ని అందరూ తలో చెయ్యి వేసి పట్టుకుంటారు. చీఫ్ గెస్ట్ కారు డ్రైవరు ఇంజిన్ ఆపడు. సార్ తిరిగొచ్చేసరికి లోపల చల్లగా ఉండాలి కదా.

పర్యావరణానికి మేలుచేసే జీవనశైలి కోసమని 2022 అక్టోబరులో గుజరాత్ కేవడియాలో ప్రారంభించిన మిషన్ లైఫ్ కింద మామూలు మనుషులు చేయదగ్గ 75 పనుల జాబితా ఉంది. రెడ్ సిగ్నల్ దగ్గరా రైల్వే గేటు దగ్గరా బండి ఇంజిన్ ఆపాలని అందులో స్పష్టంగా ఉంది. స్కూలు గేటు అని విడిగా రాయలేదు. సాయంత్రం నాలుగింటికి మన స్కూలు గేటు ముందు ముప్పై కార్లు ఇంజిన్లు ఆన్‌లో పెట్టుకుని నిలబడటం నిబంధనలకి లోబడే జరుగుతోందని గమనించగలరు.

ఎకో క్లబ్ వాళ్లు పెట్టే పోటీల్లో నాకు బాగా నచ్చింది ‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’. పనికిరాని వస్తువులతో పనికొచ్చే వస్తువు చేయాలి. ఈ పోటీ విషయం పిల్లలకి రెండు వారాల ముందే తెలుస్తుంది, ఇంట్లో రాత్రి తొమ్మిదిన్నరకి తెలుస్తుంది. “నాన్నా, రేపు వేస్ట్ తీసుకెళ్లాలి.” ఇంట్లో వేస్టుకేం కొదవ? కానీ అది టీచరుకి నచ్చే వేస్టు కాదు, దానికి రంగు ఉండదు. నాన్న స్కూటర్ తీసి స్టేషనరీ షాపుకి వెళతాడు. షట్టర్ సగం దించిన షాపాయన మొహం చూడగానే కనిపెట్టేస్తాడు. “వేస్ట్ ప్రాజెక్టా సార్? సెట్ ఉంది. ఐస్‌క్రీమ్ పుల్లలు వంద, థర్మాకోల్ షీటు, గ్లిట్టర్, గమ్ము.” ఏ ఐస్‌క్రీమూ చూడని కొత్త పుల్లలు, కవరు కూడా విప్పలేదు. అర్ధరాత్రికి అమ్మ పెన్ స్టాండు పూర్తి చేస్తుంది. మర్నాడు దానికి మూడో బహుమతి, శనివారానికల్లా అది చెత్తబుట్టలో. కొత్త సరుకుని ఇంత వేగంగా వేస్టుగా మార్చే పరిశ్రమ దేశంలో ఇంకొకటి ఉంటుందనుకోను.

అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. మనం పిల్లలకి లెక్కలు కూడా నేర్పుతున్నాం.

ఫీజులు కట్టి, ఆరు నుంచే ఐఐటీ ఫౌండేషన్లో చేర్పించి, ఆదివారం కూడా పంపి నేర్పిస్తున్నాం. ఆ లెక్కలు ఓఎంఆర్ షీటు దాటి బయటికి రావని ఒక నమ్మకం. మా వీధిలోని ఒక స్కూల్లో (పేరెందుకు, మీ వీధిలోదీ ఇలాంటిదే) ఎనిమిదో తరగతి ఎకో క్లబ్ వాళ్లు ఆ నమ్మకాన్ని వమ్ము చేశారు. వాళ్లకిచ్చిన పని ‘క్లాస్ రూములో కర్బన ఉద్గారాలు తగ్గించుట’ అని ఒక చార్టు రాయడం. చెట్టు బొమ్మ, ఏడుస్తున్న భూమి బొమ్మ వేసి తెస్తే అయిపోయేది. వీళ్లు ఆరో తరగతి బి సెక్షన్‌కి వెళ్లి వాట్లు లెక్కపెట్టారు. తిరిగే ఫ్యాన్లు 3, ఒక్కోటి 75 వాట్లు. ట్యూబులైట్లు 4, ఒక్కోటి 40 వాట్లు. లంచ్ బ్రేక్ 45 నిమిషాలు. ఆపితే మిగిలేది 0.29 యూనిట్. మన దేశంలో గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్ కరెంటు వెనక సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది కాబట్టి, స్విచ్ మానిటరు రోజూ కాపాడేది 200 గ్రాములు. బాగుంది. చప్పట్లు.

వాళ్లు అక్కడితో ఆగితే ఈ వ్యాసం ఉండేది కాదు. గేటు బయటికి వెళ్లి డ్రైవర్ అంకుల్‌ని అడిగారు. ఒక బస్సు రోజుకి పోసుకునే డీజిల్ 10 లీటర్లు. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే ఒక్క బస్సు ఒక్క రోజుకి 27 కిలోలు. దాన్ని 200 గ్రాములతో భాగించారు. జవాబు 135. ఆరో తరగతి బి సెక్షన్ జూన్‌లో మొదలుపెట్టి ఒక్క రోజు తప్పకుండా స్విచ్‌లు ఆపుకుంటూ వస్తే, ఒక్క బస్సు ఒక్క రోజు పొగకి డిసెంబరులో సమాధానం చెప్పగలుగుతుంది. స్కూలుకి బస్సులు 22.

ఆ తర్వాత, ఎవరు చెప్పారో ఏమో, పిల్లలు ప్రిన్సిపాల్ సార్ గదిలోకి తొంగి చూశారు. టన్నున్నర ఏసీ, డిస్‌ప్లే మీద 18. స్టార్ రేటింగ్ ఉన్న ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది, అక్కణ్ణుంచి 18కి దించడానికి రిమోట్ మీద ఆరుసార్లు నొక్కాలి. అంత శ్రమ సార్ ఎందుకు పడుతున్నట్టు? ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. పిల్లలు దాన్ని చార్టులో ఎర్ర స్కెచ్‌తో రాశారు. రోజుకి 10 యూనిట్లు వేసుకున్నా 7 కిలోలు, అంటే 35 క్లాసుల లంచ్ బ్రేకులు అని కింద బాణం గుర్తు కూడా గీశారు. చెప్పేవి శ్రీరంగనీతులు అని రాయలేదు, అంతవరకు సంస్కారం ఉన్న పిల్లలే.

సూచనలు కూడా ఇచ్చారు. పాత ఫ్యాన్లు తీసి, తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే ఎవరూ స్కేలు పట్టుకుని తిరగకుండానే సగానికి పైగా ఆదా అవుతుందట. నిజమే, కానీ ఫ్యానుకి డబ్బులు కావాలి, స్విచ్ మానిటర్ మనకి ఉచితంగా వస్తాడు, పైగా ఫీజు కూడా కడతాడు. టెర్రస్ మీద సోలార్ పలకలు పెట్టొచ్చట. టెర్రస్ ఖాళీగా ఉందని ఎవరు చెప్పారు వీళ్లకి? అక్కడ రేకుల షెడ్డులో పదో తరగతి స్పెషల్ బ్యాచ్ నడుస్తోంది. ఆ ఎండ అంతా ఇప్పటికే వినియోగంలో ఉంది.

అన్నిటికన్నా ఇబ్బంది కలిగించింది చార్టు చివరి భాగం. పిల్లలు పక్క వీధిలోని సర్కారు బడిని పోల్చి చూశారు. అక్కడ చదివేవాళ్లు నడిచొస్తారు, లేదా సైకిలు మీద. గదికి రెండు వైపులా కిటికీలు, పగలు లైటు అక్కర్లేదు. బయట వేపచెట్టు. ఏసీ మాట లేదు. ఒక్కో పిల్లాడి లెక్కన ఉద్గారాలు మన స్కూలుతో పోల్చడానికి కూడా రావు. మరి గ్రీన్ స్కూల్ అవార్డు వాళ్లకెందుకు రాలేదని పిల్లల ప్రశ్న. అమాయకత్వం కాకపోతే ఏమిటిది? అవార్డు తగ్గించినవాళ్లకి ఇస్తారు. తగ్గించాలంటే ముందు ఉండాలి. సర్కారు బడి ముందు ఇరవై బస్సులు కొని, కిటికీలు మూయించి, హెడ్మాస్టరు గదికి ఏసీ పెట్టించి, ఆ తర్వాత లంచ్ టైములో ఫ్యాన్లు ఆపితే అప్పుడు మనతో పోటీకి రావచ్చు. ప్రపంచంలో పెద్ద పెద్ద దేశాలు కూడా ఇదే పద్ధతిలో మంచిపేరు తెచ్చుకుంటున్నాయి, మనమేం కొత్తగా కనిపెట్టలేదు.

చార్టు ప్రదర్శనలో పెట్టలేదు. సిలబస్‌లో లేదన్నారు, అది కూడా వాస్తవమే. పర్యావరణ విద్యని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది, కానీ ప్రిన్సిపాల్ గది అందులోకి వస్తుందని కోర్టు చెప్పలేదు. పిల్లలకి రావాల్సింది ‘గ్రీన్‌హౌస్ వాయువులనగానేమి’ అన్న రెండు మార్కుల జవాబు. కార్బన్ డయాక్సైడ్, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ అని రాస్తే ఫుల్ మార్కులు. అవి ఎక్కడినుంచి వస్తున్నాయని ప్రశ్నలో అడగనప్పుడు రాయడం ఓవరాక్షన్.

ఆ తర్వాతి సోమవారం పేరెంట్స్‌కి సర్క్యులర్ వచ్చింది. ఉద్గారాల తగ్గింపులో మన విద్యార్థులు చూపిన శ్రద్ధకి యాజమాన్యం గర్విస్తోందని, ఎకో క్లబ్ కార్యకలాపాలు ఇకమీదట క్లాస్ రూము లోపలి స్విచ్‌లకే పరిమితమవుతాయని, డ్రైవర్లతో పిల్లలు మాట్లాడకుండా తల్లిదండ్రులు చూసుకోవాలని, ఈ హరిత కార్యక్రమాల నిర్వహణకి వచ్చే టర్మ్ నుంచి 1,500 రూపాయల గ్రీన్ ఫీజు ఉంటుందని అందులో ఉంది. నాలుగు రంగుల్లో, మందమైన ఆర్ట్ పేపర్ మీద, ఒక్కో పిల్లాడికి రెండు కాపీలు ఇచ్చారు. ఒకటి మన దగ్గర ఉంచుకోవడానికి, ఇంకోటి సంతకం పెట్టి వెనక్కి పంపడానికి.