ఇంకో పేరు మాత్రమేనా?
మురుగన్ అంటే కార్తికేయుడికే తమిళంలో ఇంకో పేరు, అంతకుమించి తేడా ఏమీ లేదని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు, అది మాత్రం నాకు మింగుడుపడలేదు. ప్రాచీన తమిళ సంగం సాహిత్యంలోనే ఆయన కురింజి నేలకి, అంటే కొండప్రాంతానికి దైవం. ఉత్తరాదిలో చాలాచోట్ల బ్రహ్మచారిగా కొలిచే స్వామి, తమిళనాట కొండపిల్ల వళ్లిని వలచి మరీ పెళ్లాడాడు. మన దగ్గరేమో సుబ్బారాయుడు, పుట్టలో పాలు, మోపిదేవి గుడి, అది ఇంకో దారి. మాది చిత్తూరు వైపు, ఆడికృత్తికకి, అంటే తమిళుల ఆడి మాసంలో వచ్చే మురుగన్ పండక్కి, తిరుత్తణి కొండ మీది గుడికి వెళ్లడం మా ఇంట్లో మామూలే (1960 దాకా ఆ ఊరు మా జిల్లాలోదే లెండి). పసుపు బట్టలు కట్టుకుని పూలకావడి భుజానికెత్తుకుని మా నాయన మెట్లెక్కుతుంటే వెనక మేం 'హరోం హర' అనేవాళ్లం, పక్కన తమిళులు 'అరోగరా' అనేవాళ్లు, రెండూ కలిసిపోయేవి. పైకి చేరేసరికి ఆయన భుజం ఎర్రగా కందిపోయి ఉండేది, నొప్పిగా ఉందా అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. తై మాసంలో వచ్చే మురుగన్ పండగ తైపూసానికి తమిళనాట పళని కొండ దాకా రోజుల తరబడి కాలినడకన పోయేవాళ్లని, మలేషియాలో బటు గుహల మురుగన్ గుడి మెట్ల మీద కావడి మోసేవాళ్లని కూడా ఓసారి చూసి రాయాల్సింది.