రీఇన్‌స్టాల్ చేస్తే పోయే రోగం కాదిది
అప్‌డేట్ తర్వాత బ్రౌజర్ మొరాయిస్తే తీసేసి మళ్లీ వేసుకోమని (రీఇన్‌స్టాల్) కొందరు సలహా ఇస్తారు గానీ, తప్పు ఎక్స్‌టెన్షన్లదైతే (బ్రౌజర్‌కి మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) దానివల్ల ఒరిగేదేం లేదండి, ప్రొఫైల్ (మన సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్లు ఉండే ఫోల్డర్) మామూలుగా అక్కడే ఉండిపోతుంది, సింక్ (అకౌంట్‌లో దాచినవి తిరిగి తెచ్చేది) ఆన్‌లో ఉంటే పాత ఎక్స్‌టెన్షన్లన్నీ మళ్లీ దిగిపోతాయి. పోయిన నెల మా బావ నెట్ సెంటర్లో ఇదే గొడవ, స్కాలర్‌షిప్ ఫారం అంతా నింపాక సబ్మిట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు, బయట పిల్లలు వెయిటింగు, ఈయనేమో రెండుసార్లు రీఇన్‌స్టాల్ చేసి తల పట్టుక్కూర్చున్నాడు. ఇన్‌కాగ్నిటోలో (హిస్టరీ దాచుకోని ప్రైవేట్ విండో) తెరిస్తే టక్కున పనిచేసింది, అక్కడ మనం విడిగా పర్మిషన్ ఇస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు నడవవు కదా. (ఫైర్‌ఫాక్స్ వాళ్లకి హెల్ప్ మెనూలో ఎక్స్‌టెన్షన్లు ఆపి తెరిచే ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది, ఇదివరకటి సేఫ్ మోడే.) బావ బ్రౌజర్లో ఉన్న ఎక్స్‌టెన్షన్లు 14, ఒక్కోటీ ఆపుతూ కూర్చుంటే తెల్లారిపోద్దని సగం ఆపి చూడటం, మిగిలిన దాంట్లో మళ్లీ సగం, నాలుగో రౌండ్‌కి దొరికింది, ఎప్పుడో సరదాకి వేసిన డార్క్ మోడ్ ఎక్స్‌టెన్షన్ (పేజీలని నల్లగా చూపించేది)! అయితే ఆపండి చాలు, తీసేయకండి, 2019 మేలో యాడ్-ఆన్లు (ఎక్స్‌టెన్షన్లే) అసలైనవేనని చెప్పే ఫైర్‌ఫాక్స్ సర్టిఫికెట్ గడువు అయిపోయి అవన్నీ ఒకేసారి ఆగిపోయినప్పుడు తొందరపడి డిలీట్ చేసినోళ్లకి వాటి సెట్టింగులు కూడా పోయాయి.