సోల్ గట్టిదైతే సరిపోతుందా?

తమ్ముడు: ఈ కొత్త మౌంటెన్ బైక్ బూట్లు చూడక్కా. రెండు చేతులతో వంచినా సోల్ వంగదు. తొక్కిన మొదటి పూటే తేడా తెలిసింది. ఎక్కుడు దారిలో కాలి బలమంతా పెడల్‌కే పోతోంది.

అక్క: పెడల్ మీద సుఖమే. దిగి రాళ్లలో నడిచావా? ఎక్కలేని చోట సైకిల్‌ను భుజాన వేసుకోక తప్పదు. అప్పుడు కాళ్లకు చెక్కలు కట్టుకున్నట్టే ఉంటుంది.

తమ్ముడు: నడిచాను. మడమ కొంచెం జారుతోంది, కాదనను. కానీ రోడ్డు సైకిల్ బూట్లలా క్లీట్, అదే బూటు అడుగున పెడల్‌కు తగులుకునే బిళ్ల, బయటికి పొడుచుకు రాదు. రెండు బోల్టుల చిన్న క్లీట్, రబ్బరు పళ్ల మధ్య పల్లంలో ఉంటుంది. షిమానో కంపెనీ 1990లో ఎస్‌పీడీ అనే క్లీట్ పెడళ్లు తెచ్చినప్పటి నుంచి ఈ ఏర్పాటు నడవడానికే కదా!

అక్క: రాయి మీద అడుగేస్తే ఇనుము గీసుకున్న చప్పుడు రాలేదా?

తమ్ముడు: వచ్చింది.

అక్క: మరి? బురదలో ఆ పల్లమే పూడిపోతుంది, క్లీట్ పెడల్‌లో దిగనంటుంది. నా మెత్తని బూట్లకూ, క్లీట్ అక్కర్లేని పిన్నుల ఫ్లాట్ పెడళ్లకూ ఆ బాధ లేదు. తూలితే కాలు తీసి నేల మీద పెట్టడమే.

తమ్ముడు: రాళ్ల దిగుడులో నీ పాదం పెడల్ మీద నుంచి ఎగిరిపోవడం నేను చూడలేదా? ముంగాలి మీద పిన్నుల గాట్లు ఎలా పడ్డాయో నువ్వే చెప్పాలి. నాకు మడమ పక్కకు తిప్పితే చాలు, ఊడి వస్తుంది. అదీ భయమైతే ఎస్‌హెచ్56 క్లీట్ ఉంది, మరికొన్ని వైపులకు లాగినా వదిలేస్తుంది.

అక్క: క్లీట్ ఎక్కడ బిగించావు?

తమ్ముడు: బొటనవేలి మొదలు కంటే కాస్త వెనక్కి.

అక్క: అది మంచి పని. దిగుడులో మడమలు దించి నిలబడినప్పుడు పిక్కల మీద భారం తగ్గుతుంది. లేసుకు బదులు ఈ తిప్పి బిగించే డయల్ మాత్రం నాకు నచ్చలేదు. దాని తీగ దారిలో తెగితే ముడి వేసుకోగలవా?

తమ్ముడు: బురద పట్టి బిగుసుకున్న లేసు ముడిని నువ్వు విప్పగలవా?

అక్క: ఓపిక ఉంటే విప్పవచ్చు! సరే, వేళ్ల దగ్గర చోటుందా? సింథటిక్ బూటు తోలులా సాగదు. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి, అప్పుడు వేసుకుని చూడు.

తమ్ముడు: చిటికెనవేలు కొంచెం నొక్కుకుంటోంది.

అక్క: చూశావా! ఇవి తిరిగి ఇచ్చేసి మెత్తనివి తెచ్చుకో.

తమ్ముడు: పలుచని ఇన్‌సోల్ వేసి చూస్తాను. సోల్ మాత్రం ఇదే.