సోల్డరింగ్ పొగ గారికి బహిరంగ లేఖ

సోల్డరింగ్ పొగ గారూ,

విజయనగరం నుంచి రాస్తున్నాను. తీగ కరిగించి సర్క్యూట్ బోర్డు మీద భాగాలు అతికేటప్పుడు లేచే తమరి గురికి ముందుగా ఓ దండం. గదిలో అంత గాలి ఉండగా, సోల్డరింగ్ ఐరన్ కాలిన మొన (బిట్) తీగకి తగలగానే తిన్నగా నా ముక్కులోకే ఎలా వస్తారండీ? సన్న జాయింటు కనబడాలంటే బోర్డు మీదకి వంగక నాకు తప్పదు, వేడికి పైకి లేవక మీకూ తప్పదు. ఒక చేతిలో ఐరన్, ఇంకో చేతిలో లెడ్డు (సీసం) కలిసిన తీగ, మిమ్మల్ని తోలడానికి మిగిలింది నోరొక్కటే. ఉఫ్ అని ఊదుతాను, మీరు రెండంగుళాలు జరుగుతారు, ఊదినవాడు ఊపిరి పీల్చుకోవాలి కదా, ఆ పీల్పుతోనే మళ్ళీ లోపలికి వేంచేస్తారు.

జనం మిమ్మల్ని చూసి "సీసం పొగ" అని హడలిపోతారు. మీకంత సీన్ లేదు. సీసం మరగాలంటే 1749 డిగ్రీలు కావాలి, నా ఐరన్ 400 ఎక్కితే గొప్ప. తీగ కడుపులో ఉండే ఫ్లక్స్, అంటే పైన్ చెట్టు బంక, కాలితే పుట్టినవారు మీరు. అందుకే మా అమ్మ వంటింట్లోంచి "ఏట్రా, సాంబ్రాణేసినావేటి?" అంటుంది. ఈ సాంబ్రాణితో రోజూ సావాసం చేస్తే కొందరికి ఆస్తమా పట్టుకుంటుంది, ఒకసారి ఒంటికి పడకుండా పోయాక కాస్త పొగకే ఆయాసం. లెడ్-ఫ్రీ తీగ కొని నిశ్చింతగా ఉన్నవాళ్ళనీ మీరు వదలరు, దాన్లోనూ ఫ్లక్స్ ఉంటుంది, పైగా వేడి ఇంకా ఎక్కువ కావాలి మరి. సీసం మాత్రం వేళ్ళకంటుకుని, సబ్బుతో కడుక్కోకుండా చేగోడీ అందుకునేవాడి కోసం కాచుకుని ఉంటుంది.

దోమలకి జడిసి సాయంత్రమే కిటికీలు మూసేస్తాం, ఇక మీదే రాజ్యం. మా ఊరి పైడితల్లమ్మ జాతరలో పూజారి ఎక్కే పొడుగు మాను, సిరిమాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లే తిరుగుతుంది, మిమ్మల్ని మాత్రం సీలింగ్ ఫ్యాను ఆపేదాకా గదంతా ఊరేగిస్తుంది. గుడ్డ మాస్కు సంగతి ఎత్తకండి, నాకే నవ్వొస్తుంది.

కాబట్టి పాత కంప్యూటర్లోంచి ఊడదీసిన 12 వోల్టుల ఫ్యాను బోర్డుకి జానెడు దూరంలో పెట్టాను. ఊదేలా కాదు, లాగేలా; ఎదురుగా ఊదితే జాయింటు చల్లారిపోతుంది. వెనకాల కార్బన్ స్పాంజి పెడదామనుకున్నా గానీ అది వాసన పడుతుందే తప్ప సన్న రేణువుల్ని దాదాపు వదిలేస్తుంది. అందుకని గొట్టం తగిలించి కిటికీ బయటికే దారి చూపించాను. అటువైపు పక్కింటి పిన్నిగారి డాబా ఉంది, ఆవిడ వడియాలు ఆరబెట్టిన రోజు మాత్రం మన పని బంద్.

ఇట్లు,
మీ ముక్కుబాధితుడు